గ్రాఫిక్స్ డ్రైవర్లు: ఓపెన్ సోర్సా.. కంపెనీ డ్రైవరా? పాత కార్డు ఆయుష్షు తేల్చేది ఇదే!

కంప్యూటర్ అప్‌డేట్ చేశారు.. రీస్టార్ట్ కొట్టారు.. అంతే, స్క్రీన్ నల్లగా! లైనక్స్ వాడేవాళ్లలో చాలామందికి ఇది తెలిసిన కథే. కార్డు పోయిందేమోనని కంగారు పడతారు. కానీ చాలాసార్లు తప్పు కార్డుది కాదు.. డ్రైవర్‌ది.

తేడా ఎక్కడ?

లైనక్స్ కెర్నల్‌కు రెండు మూడు నెలలకోసారి కొత్త వెర్షన్ వస్తుంది. ఏఎండీ, ఇంటెల్ ఓపెన్ సోర్స్ డ్రైవర్లు కెర్నల్‌లోనే ఉంటాయి. లోపల ఏది మార్చినా డ్రైవర్‌నూ అప్పుడే సరిచేస్తారు. ఎన్విడియా డ్రైవర్ అలా కాదు. బయట ఉంటుంది. కెర్నల్ మారినప్పుడల్లా దానికి తగ్గట్టు మళ్లీ సిద్ధం కావాలి. అక్కడ తేడా కొడితే బ్లాక్ స్క్రీనే!

ఎన్విడియా మారిందా?

లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2012లో ఫిన్లాండ్‌లో ఓ వేదికపై ఎన్విడియాకు ఏకంగా మధ్యవేలు చూపించారు. పదేళ్లకు, 2022 మేలో ఆ కంపెనీ కెర్నల్ మాడ్యూల్స్ కోడ్‌ను బయటపెట్టింది. కొత్త బ్లాక్‌వెల్ కార్డులకైతే ఓపెన్ మాడ్యూల్సే దిక్కు. కానీ మెలిక ఉంది. గేమ్స్‌కు కావాల్సిన వల్కన్, ఏఐ పనులకు కావాల్సిన కుడా భాగాలు ఇంకా మూసే ఉన్నాయి. పైగా ఓపెన్ మాడ్యూల్స్ 2018 నాటి ట్యూరింగ్, ఆ తర్వాతి కార్డులకే పనిచేస్తాయి.

పాత కార్డుల సంగతేంటి?

అసలు దెబ్బ ఇక్కడే. 2016లో వచ్చిన జీటీఎక్స్ 1060 లాంటి పాస్కల్ కార్డులకు 580 సిరీసే చివరి డ్రైవర్. వాలంటీర్లు మొదలుపెట్టిన నూవో డ్రైవర్ ఉన్నా, సంతకం చేసిన ఫర్మ్‌వేర్ ఎన్విడియా చేతిలోనే ఉండటంతో కార్డును పూర్తి స్పీడ్‌లో నడపలేదు.

ఇప్పుడు అటువైపు చూడండి. 2012 నాటి రేడియాన్ హెచ్‌డీ 7000 కార్డులకు విండోస్‌లో ఏఎండీ 2021లోనే సపోర్ట్ ఆపేసింది. లైనక్స్‌లో మాత్రం 6.19 కెర్నల్ వాటిని కొత్త ఏఎండీజీపీయూ డ్రైవర్‌కు మార్చింది. ఆ పని చేసింది ఏఎండీ కాదు, గేమింగ్ కంపెనీ వాల్వ్ తరఫు డెవలపర్! కోడ్ అందరి చేతిలో ఉంటే జరిగేది ఇదే.

అలాగని ఓపెన్ సోర్స్ అంటే సమస్యలే ఉండవని కాదు. కార్డు కొత్తగా మార్కెట్‌లోకి వచ్చినప్పుడు పాత కెర్నల్‌తో తిప్పలు తప్పవు. కుడా మీదే ఆధారపడిన పనైతే ఎన్విడియా తప్ప దారి లేదు.

మీరేం చేయాలి?

అప్‌డేట్‌కు ముందు పాత కెర్నల్‌ను తీసేయకండి. పాస్కల్ కార్డు ఉంటే 580 సిరీస్ దాటి వెళ్లొద్దు. కొత్త కార్డు కొంటుంటే స్పీడ్ ఒక్కటే కాదు.. పదేళ్ల తర్వాత దాని డ్రైవర్‌ను ఎవరు చూసుకుంటారో కూడా అడగండి!