తాళము పడకుండ చూడవలసిన గది



ఈ నెల మేము ఒక గదిని గూర్చి వ్రాయదలచినాము. అది ప్రార్థన గది కాదు. నిజామాబాదు పట్టణములో ఒక దుకాణము పైన, ఇరుకు మెట్లెక్కి పోతే కనబడే గది. గోడల వెంట బల్లలు, పది కుర్చీలు, ఇంటర్నెట్టు, కరెంటు పోయినప్పుడు ఆదుకొనుటకు ఒక ఇన్వర్టరు, మూలకు మంచినీళ్ల డబ్బా. అంతే. కాని ఒక్కొక్క కుర్చీలో ఒక్కొక్క కంపెనీ పని జరుగుచుండును. ఒకరు హైదరాబాదు కంపెనీకి లెక్కలు వ్రాస్తారు. మరొకరు బెంగుళూరు కంపెనీకి కంప్యూటరు ప్రోగ్రాములు తయారు చేస్తారు. ఇంకొకరు పట్టణములోని వ్యాపారుల పన్ను కాగితములు నింపుతారు. వారి యజమానులు వేరు, జీతములు వేరు, గది మాత్రము ఒకటే. నెలకు ఇంత అని చెల్లించి కూర్చుంటారు. దీనిని కో-వర్కింగ్ స్థలము అంటారు. కలిసి కూర్చొని ఎవరి పని వారు చేసికొను చోటు అని మనము చెప్పుకొనవచ్చును.

"ఇది పట్నపు ముచ్చట, మాకెందుకు?" అని పల్లెలలోని మా పాఠకులు అనుకొనవద్దు. ఇది మన జిల్లాకు కొత్త కాదు. మన ఊళ్లలో బీడీలు చుట్టే తల్లులు ఏమి చేస్తారు? తునికాకు కత్తిరించుకొని, చాట ఒడిలో పెట్టుకొని, నలుగురు ఒక అరుగు మీదికి చేరుతారు. ఎవరి బీడీలు వారివే, ఎవరి లెక్క వారిదే. అయినా ఒక్కరే ఇంటిలో కూర్చుంటే సాగని పని నలుగురిలో సాగుతుంది. ఒకరికి దారము తక్కువైతే పక్కవారు ఇస్తారు. పసిబిడ్డ ఏడిస్తే ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. ఆ అరుగే నేడు కంప్యూటరు బల్ల అయినది.

ఆ గదిలో మా సంఘపు బిడ్డ ఒకతె పనిచేస్తున్నది. ఆమె పేరు, ఊరి పేరు వ్రాయము. బోధన్ దగ్గర కాలువ కింది పల్లె. తండ్రి ఒకప్పుడు చక్కెర ఫ్యాక్టరీలో సీజను పనికి పోయేవాడు. ఫ్యాక్టరీ మూతపడిన తరువాత గల్ఫుకు పోయినాడు. తల్లి బీడీలు చుట్టి కూతురిని డిగ్రీ చదివించినది. 2021లో, కరోనా దినములలో, ఈ బిడ్డకు హైదరాబాదు కంపెనీలో ఉద్యోగము వచ్చినది. ఇంటినుండే పని. ఆ మాట తల్లికి అర్థము కాలేదు. "ఇంట్ల కూసుంటే నౌకరెట్లయితది అయ్యగారూ?" అని మమ్మును అడిగినది.

ఇల్లు ఒక్కటే గది. ఫోను సిగ్నలు సరిగా అందదు. ఆ బిడ్డ మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, సండే స్కూల్ గది ఆదివారం తప్ప ఖాళీగనే ఉంటది గద. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నన్ను కూసోనిస్తరా? కరెంటు బిల్లు నేనే కడత" అని అడిగినది.

మేము ఇయ్యలేదు. ఈ మాట వ్రాయుటకు సిగ్గుగా ఉన్నది గాని వ్రాయకపోతే తక్కినదంతా వ్యర్థము. ఆడపిల్ల ఒక్కతే కూర్చుంటే నలుగురు ఏమనుకుంటారు అని కమిటీలో ఒకరన్నారు. ఒకరికి ఇస్తే పదిమంది వస్తారు అని మరొకరన్నారు. మేము వారిని ఎదిరించి మాట్లాడలేదు. "ప్రార్థన చేద్దాము బిడ్డా, ప్రభువే మార్గము చూపుతాడు" అని చెప్పి పంపివేసినాము. మంచి మాట వెనుక దాక్కొన్నాము. తాళపు చెవి మా జేబులోనే ఉన్నది. ఆ బిడ్డ దాదాపు రెండు సంవత్సరములు పక్కింటి మిద్దె మీద, రేకుల నీడలో కూర్చొని పనిచేసినది.

ఆ తరువాత పట్టణములోని గది సంగతి తెలిసినది. బోధన్ నుండి బస్సెక్కి రోజూ పోయివచ్చుచున్నది. ఆ గదిని నడుపుచున్న యువకుడు మన సంఘస్థుడు కాడు, మన మతస్థుడును కాడు. ఆడపిల్లలు చీకటి పడకముందే ఇల్లు చేరవలెనని వారికి కిటికీ పక్క బల్లలు, ముందు వేళలు ఇచ్చినవాడు. గత వానకాలములో ఒకనాటి రాత్రి ఆ బిడ్డ ఫోను చేసినది. "అయ్యగారూ, రూము బంద్ జేస్తరట. నేను మళ్ల మిద్దెక్కాలె. లేకుంటే హైదరాబాదు పోవాలె. అమ్మ పంపది."

ఈసారి మేము ప్రార్థన చేసి ఊరకుండలేదు. మరునాడే పోయి చూచినాము. ఆ యువకుడు లెక్కల పుస్తకము తెరిచి చూపినాడు. అతని కష్టమును ఒక ఉదాహరణతో చెప్పుదుము. గది అద్దె, కరెంటు, ఇంటర్నెట్టు, ఇన్వర్టరు బ్యాటరీ కలిపి నెలకు 15,000 రూపాయలు అనుకొనుడి. పదిమంది కూర్చుంటే తలకు 1,500. ఆరుగురే వస్తే తలకు 2,500. ఆ భారము మోయలేక ఇద్దరు మానుకుంటే మిగిలిన నలుగురికి తలకు 3,750. అప్పుడు వారును మానుకుంటారు. కుర్చీ ఖాళీగా ఉన్నదని అద్దె ఆగదు. ఇటువంటి గదులు ఒక్కనాడు కూలవు. ఒక్కొక్క కుర్చీ ఖాళీ అగుచు, నెమ్మదిగా మూతబడును.

ఇది ఒక్క నిజామాబాదు కష్టము కాదు. అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో పట్టణములో 2005లో బ్రాడ్ న్యూబర్గ్ అను యువకుడు, స్త్రీల బృందమొకటి నడుపుచున్న ఇంటిలో వారానికి రెండు దినములు స్థలము తీసికొని ఇటువంటి చోటును మొదలుపెట్టినాడు. నేడు లోకమంతట వ్యాపించిన ఈ పద్ధతికి అదే ఆరంభమని చెప్పుకుంటారు. ఆయన బల్లలు వేసి కూర్చుంటే మొదటి నెల ఒక్కరును రాలేదు! మనుష్యులను ఒక్కొక్కరిగా పిలుచుకొనవలసి వచ్చినది. బల్లలు కొనుట సులభము, మనుష్యులను కూర్చుట కష్టము. అక్కడైనా ఇక్కడైనా సంగతి ఒక్కటే.

మన ప్రభుత్వమును పెద్ద భవనములు కట్టినది. 2015లో హైదరాబాదులో టీ-హబ్, 2023 ఆగస్టులో మన నిజామాబాదులోనే ఐటీ హబ్ ప్రారంభమైనవి. ఇవి మంచివి, కావలసినవి. అయితే పెద్ద గేటు ఒక్కదానినే నమ్ముకొన్న ప్రాంతము గతి ఏమగునో బోధన్ వారికి ఎవరును చెప్పనక్కరలేదు. 1931లో మంజీర మీద నిజాంసాగరు పూర్తియైనది. ఆ నీటితో చెరకు పండినది. 1937లో శక్కర్‌నగరులో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపించబడినది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందినది. 2002లో దానిలో ఎక్కువ వాటా ప్రైవేటు చేతికి పోయినది. 2015 డిసెంబరులో గేటు మూతపడినది. చెరకు వేసిన రైతు, సీజను కూలి, ఎడ్లబండి వాడు, గేటు ముందర చాయ్ అమ్మినవాడు, వీరిలో ఎవరిని అడిగి ఆ గేటు మూసినారు? బతుకు వారిది, నిర్ణయము మరొకరిది. చిన్న గదికి ఆ గతి పట్టకుండవలెనంటే, అందులో కూర్చొనువారును, వారి కుటుంబములును, చుట్టుపక్కలవారును దానిని తమదిగా ఎంచుకొనవలెను.

ఈ సంగతి మేము మా సంఘ కమిటీ ముందర పెట్టినాము. ఒక పెద్ద లేచి, "అది మన గుడిది కాదు గద అయ్యగారూ, మన కానుకల పైసలు దానికెందుకు?" అన్నారు. న్యాయమైన ప్రశ్నయే. కానుక బీదల చెమట. మేము జవాబు వెదకుకొనుచుండగా, వెనుక వరుసలో కూర్చున్న ఒక ముసలి తల్లి అన్నది: "మా అమ్మ డిచ్‌పల్లి దవాఖానల బతికింది. ఆ దవాఖాన ఎవరి పైసలతోని కట్టిండ్రో మీకెరుకనా?"

అందరు నిశ్శబ్దముగా కూర్చున్నారు. ఆ చరిత్ర మన జిల్లా సంఘములు మరువరానిది. స్కాట్లాండు నుండి వచ్చిన వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ దొరగారు కుష్ఠురోగుల కొరకు డిచ్‌పల్లిలో ఆసుపత్రిని స్థాపించినారు. అది 1915లో తెరువబడినది. దాని నిర్మాణమునకు ఉదారముగా ధనమిచ్చినవారు నిజామాబాదుకు చెందిన రాజా నర్సాగౌడ్. ఆయన హిందువు. అది మిషనరీల ఆసుపత్రి, నాకేమి అని ఆయన అనలేదు. ఊరినుండి వెళ్లగొట్టబడినవారికి అది దిక్కు అగునని మాత్రము చూచినారు. ఆనాడు మన గుమ్మములోనికి వచ్చిన సహాయమునకు, నేడు ఇంకొకరి గుమ్మములో మనము చేయు సహాయమే సరియైన కృతజ్ఞత కాదా?

కొరింథు పట్టణములో పౌలు ఎక్కడ పనిచేసినాడో కూడ ఆ రోజు జ్ఞాపకము చేసికొన్నాము. డేరాలు కుట్టు అకుల, ప్రిస్కిల్ల అను దంపతుల ఇంట, వారితో కలిసి, అదే వృత్తి చేసినాడు. పరదేశియై వచ్చినవానికి వారు తమ పనిచోటులో స్థలమిచ్చినారు. సువార్తకు గుడి కట్టబడక మునుపే, ఒక పనిగది తలుపు దాని కొరకు తెరువబడినది.

అప్పుడు కమిటీ ఏమి చేసినదో చెప్పుదుము. మీ ఊళ్లలో ఎవరికైనా పనికివచ్చును.

ఊరక డబ్బు ఇయ్యలేదు. ఉచితముగా నడిచే గదికి గౌరవము ఉండదు, ఆయుష్షును ఉండదు. రెండు కుర్చీలకు మూడు నెలల రుసుము సంఘము ముందుగా కట్టినది. పల్లెలనుండి కొత్తగా పనిలో చేరిన ఇద్దరు ఆ కుర్చీలలో కూర్చుంటారు. జీతము చేతికి వచ్చిన తరువాత తమ రుసుము తామే కట్టుకుంటారు. అప్పుడు ఆ సహాయము మరి ఇద్దరికి పోవును.

తక్కినవారు దినము లెక్కన కాక నెల లెక్కన ముందే చెల్లించుటకు ఒప్పుకొన్నారు. రాబడి ముందే తెలిసియుంటే అద్దెకు భయముండదు. జమ, ఖర్చు వ్రాసిన కాగితము ప్రతి నెల గోడకు అతికించవలెనని అడిగినాము. ఆ యువకుడు సంతోషముగా ఒప్పుకొన్నాడు. దాచిన లెక్క అనుమానమును పెంచును, గోడ మీది లెక్క స్నేహమును పెంచును.

సాయంత్రము బల్లలు ఖాళీయైన తరువాత పదవ తరగతి పిల్లలకు లెక్కల ట్యూషను అక్కడనే పెట్టినారు. దాని వలన అద్దెలో కొంత భాగము వచ్చుచున్నది. మా సంఘములోని దుకాణదారులు, చిన్న కాంట్రాక్టర్లు తమ బిల్లుల పని ఆ గదిలోని పిల్లలకు ఇచ్చుచున్నారు. సహాయమనగా చందా ఒక్కటే కాదు. పని ఇచ్చుటయు సహాయమే. చందా ఒకనాటికి ఆగిపోవచ్చును, పని పనిని తెచ్చును.

ఇక మిగిలినది మా సండే స్కూల్ గది. దానిని ఇప్పుడు సోమవారము నుండి శనివారము వరకు తెరచి ఉంచుచున్నాము. తలుపులు, కిటికీలు తీసియుండవలెను, రిజిస్టరులో సంతకము చేయవలెను, కరెంటు ఖర్చు పంచుకొనవలెను, చీకటి పడకముందే ముగించవలెను. కులమేదని, మతమేదని అడుగము. ప్రస్తుతము నలుగురు వచ్చుచున్నారు. మొదటి వారము ఒక్కరే వచ్చినారు. శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక్కరును రాలేదు గదా అని మమ్మును మేము ఓదార్చుకొన్నాము!

మన పల్లె సంఘములకు పిడికెడు బియ్యపు కానుక తెలియును. తల్లి అన్నము వండునప్పుడు గంజులో పోయకముందు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టును. ఆ పిడికెడుతో ఇంటిలో ఎవరి కడుపును మాడదు. అందరి పిడికిళ్లు చేరినప్పుడు మాత్రము బస్తా నిండును. నిజామాబాదులోని ఆ గది నిలువవలెనన్నా అదే లెక్క. ఒక ధనికుడు వచ్చి సంవత్సరము అద్దె కట్టి పోతే, మరుసటి సంవత్సరము మరల అదే భయము. అందరు కొంచెము కొంచెముగా, మానకుండ ఇచ్చినప్పుడు అది ఎవరి దయ మీదను ఆధారపడదు.

గది ఇంకను తెరిచే ఉన్నది. పది కుర్చీలలో ఎనిమిది నిండినవి. రెండు నిండవలెను. వచ్చే నెల సంగతి వచ్చే నెల చూడవలసినదే, భయము పూర్తిగా పోలేదు. మా బిడ్డ మాత్రము రోజూ బోధన్ బస్సు ఎక్కుచున్నది. ఆమె తల్లి మొన్న మమ్మును కలిసి, "ఇప్పుడు సమజైంది అయ్యగారూ. మా అరుగసొంటిదే గద" అన్నది. మేము ఇంత వ్రాసిన దానిని ఆమె ఒక్క మాటలో చెప్పినది.

ప్రియ పాఠకులారా, మీ ఊరిలో వారమునకు ఆరు దినములు తాళము వేసియున్న గది ఏదైనా ఉన్నదా? గుడిదో, సంఘముదో, మీ ఇంటి ముందరిదో? దాని తాళపు చెవి ఎవరి జేబులో ఉన్నది? మా వలె రెండు సంవత్సరములు ఆలస్యము చేయవద్దు. మీ ఊరి బిడ్డ వచ్చి అడుగకముందే తలుపు తీయుడి.

ప్రభువు మీ చేతి పనిని, మీ బిడ్డల చేతి పనిని దీవించును గాక.