విద్యకు వెల, మాటకు విలువ

విద్యను అమ్ముకొనరాదని పెద్దలు చెప్పుచుందురు. ఆ మాట వినుటకు ఇంపుగానే యుండును. కాని వైద్యుడును, న్యాయవాదియు, ఉపాధ్యాయుడును తమ విద్యవలననే కుటుంబములను పోషించుకొనుచున్నారు. వారు ప్రతిఫలము పుచ్చుకొనుట తప్పయినచో లోకయాత్రయే సాగదు. కావున విచారింపవలసినది విద్యను అమ్మవచ్చునా, అమ్మరాదా అని కాదు. అమ్మునపుడు దేనిని అమ్మవచ్చును, దేనిని అమ్మరాదు అన్నదే అసలు ప్రశ్న.

ఈ సందర్భమున తరచుగా ఉదాహరింపబడు మాట యొకటి కాళిదాసుని మాళవికాగ్నిమిత్రములో నున్నది. ఎవని చదువు కేవలము బ్రతుకుతెరువు కొరకే యగునో వాడు జ్ఞానమనెడి సరుకును అమ్ముకొను వర్తకుడని దాని భావము. దీనిని ఎత్తిచూపువారు రెండు సంగతులు మరచుచుందురు. ఆ మాట పలికిన గణదాసు స్వయముగా రాజుగారి కొలువులో జీతము పుచ్చుకొని నాట్యము నేర్పెడి ఆచార్యుడు. అంతేకాదు, ఆతడు నిందించినది జీతమును కాదు, పరీక్షకు వెనుదీయుటను. మరొక ఆచార్యునితో పోటీకి నిలువవలసి వచ్చినపుడు తప్పించుకొనువానిని గూర్చిన మాట అది. 'కేవలము' అన్న పదములోనే కీలకమంతయు నున్నది.

పల్నాటి సీమకు ఈ విచారము క్రొత్తది కాదు. నేటి పల్నాడు జిల్లాలోని కొండవీడు పదునైదవ శతాబ్ది ఆరంభమున రెడ్డిరాజుల రాజధాని. పెదకోమటి వేమారెడ్డి ఆస్థానమున శ్రీనాథుడు విద్యాధికారి. ఆ కొలువే ఆతని జీవిక. కావ్యములను అంకితమిచ్చి సన్మానములందుటను ఆతడు దాచుకొనలేదు. హరవిలాసమును అవచి తిప్పయ్య సెట్టి యను వర్తకునకు అంకితమిచ్చెను. పోతనతో పోల్చి ఆతనిని తక్కువ చేయుట పరిపాటియైనది. భాగవతమును రాజులకీయక పొలము దున్నుకొని బ్రతికెనని పోతనను గూర్చి చెప్పు గాథ గొప్పదే. కాని దున్నుకొనుటకు పొలము లేని విద్వాంసుని మాట యేమి?

శ్రీనాథునియందు గమనింపదగినది వేరొకటి. 1409వ సంవత్సరపు ఫిరంగిపుర శాసనమును రచించి, వేమభూపతి విద్యాధికారి యగు శ్రీనాథుడే దీనిని రచించెనని అందులోనే చెప్పుకొనెను. జీతము రాజుది, మాట తనది. ఆ మాటకు బాధ్యుడును తానే. ప్రౌఢదేవరాయల సభలో గౌడ డిండిమభట్టుతో వాదమునకు నిలిచి గెలిచెనని ప్రసిద్ధి. అనగా పరీక్షకు వెనుదీయలేదు. పల్నాటి రాళ్లను గూర్చి, జొన్నకూటిని గూర్చి ఆతని పేర చెల్లుచున్న చాటువులు మరొక సంగతి తెలుపుచున్నవి. పొగడ్త వృత్తిలో భాగమైనవాడు సైతము చూచినదానిని చూచినట్లు చెప్పవచ్చును.

కారెంపూడిలో కార్తీకమాసమున పల్నాటి వీరుల ఉత్సవము జరుగును. వీరవిద్యవంతులు వీరగాథను పాడుదురు. తరతరములుగా ఆ పాటయే వారి వృత్తి. వారిలో అలిసెట్టి గాలెయ్య పాడిన గాథను జీన్ రోగేర్ అను పరిశోధకుడు ఆంగ్లమున 1982లో గ్రంథముగా వెలువరించెను. ఆ గాయకుల యెదుట కూర్చున్న రైతునకు కథ ముందే తెలియును. బ్రహ్మనాయుని మాటయైనను, నాగమ్మ పన్నుగడయైనను, బాలచంద్రుని పోరైనను, ఎక్కడ తప్పినను ఆతడు పట్టుకొనగలడు. మిరపకాయలు కొనువాడును అట్టివాడే. కాయను చేతబట్టి, విరిచి, రంగును ఘాటును చూచి ధర చెప్పును. కొనువానికి సరుకు తెలిసినచోట మోసమునకు తావు తక్కువ.

అదే రైతు గురజాల ప్రక్కననో మాచర్ల ప్రక్కననో ఉన్న పల్లెనుండి కుమారుని వెంటబెట్టుకొని వచ్చి, పట్టణములోని శిక్షణసంస్థ గుమ్మమున నిలిచినపుడు పరిస్థితి తారుమారగును. మిరపకాయను విరిచి చూచినట్లు చదువును విరిచి చూచుట ఆతనికి తెలియదు. రోగికి మందు సంగతి, కక్షిదారునకు చట్టము సంగతి తెలియనట్లే. ఆతనికి కనబడునవి గోడమీది ఫొటోలు, వాటి క్రింది ర్యాంకులు. ఆ ర్యాంకు తెచ్చుకొన్న బాలుడు అక్కడ రెండేండ్లు చదివెనా, చివరి నెలలో నమూనా పరీక్షలు మాత్రము వ్రాసెనా యన్నది ఫొటో చెప్పదు. ఎందరు చేరగా ఎందరు నెగ్గిరో అసలే చెప్పదు. పైరుమీద వచ్చిన సొమ్ము, ఒక్కొక్కప్పుడు వడ్డీకి తెచ్చిన సొమ్ము, ఆ చెప్పని మాటకు వెలగా పోవును.

కొనువానికి సరుకు తెలియనిచోట అమ్మువాడే దాని తప్పొప్పులను చెప్పవలెను. వృత్తిధర్మమనగా నిదియే. చట్టములును దీనిని గుర్తించినవి. వ్యాజ్యపు ఫలితమును బట్టి ఫీజు పుచ్చుకొనుటకు న్యాయవాది ఒడంబడిక చేసికొనరాదని భారత బార్ కౌన్సిల్ నియమము. కొన్ని రోగములను నయము చేయుదుమను ప్రకటనలను 1954 నాటి కేంద్ర చట్టము నిషేధించినది. శిక్షణసంస్థలు నూటికి నూరుమందిని నెగ్గింతుమని చాటరాదనియు, నెగ్గిన విద్యార్థి లిఖితపూర్వకముగా సమ్మతింపనిదే ఆతని పేరును, ఫొటోను వాడరాదనియు, ఆతడు ఏ కోర్సులో ఎంతకాలము చదివెనో తెలుపవలెననియు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకములు వెలువరించినది. ఈ మూడింటి సారము ఒక్కటే. వృత్తిగలవాడు తన శ్రమను, తన నేర్పును, తన కాలమును అమ్మవచ్చును. ఫలితము ఆతని చేతిలో లేదు. చేతిలో లేనిదానిని అమ్మరాదు.

ఉన్నదున్నట్లు చెప్పినవాడు ఈగలు తోలుకొనవలసినదేనని కొందరందురు. ఆ మాటను తోసిపుచ్చుటకు వీలులేదు. ప్రక్కవాడు ర్యాంకులు చాటుచుండగా, "శ్రద్ధగా చెప్పుదుము, తక్కినది పిల్లవాని కృషి" అనినచో మొదటియేడు చేరువారు తగ్గవచ్చును. నిజాయితీ ఎల్లప్పుడును లాభసాటి బేరమని చెప్పుట కూడ ఒక విధమైన ప్రకటనయే యగును. లాభము వచ్చిన వచ్చును, లేకున్న లేదు. "ఈ జబ్బు నావలన కాదు, ఫలానా ఆస్పత్రికి పొండు" అని చెప్పిన వైద్యుడు ఆనాటి ఫీజును కోల్పోవచ్చును గాని, రోగి ప్రాణముతో బేరమాడలేదు. ఆతని వృత్తికి గౌరవము అక్కడనే పుట్టుచున్నది.

ఇందులో పల్లెబడి ఉపాధ్యాయుని పాత్ర చిన్నది కాదు. "పంతులుగారూ, పిల్లవానిని ఎక్కడ చేర్పించుమందురు?" అని తండ్రి మొదట అడుగునది ఆయననే. ఎందరు చేరగా ఎందరు నెగ్గిరి, పాఠములు చెప్పువారెవరు, నడుమ మానినచో కట్టిన సొమ్ములో ఎంత తిరిగివచ్చును అను మూడు ప్రశ్నలను ఆ తండ్రికి నేర్పి పంపినను చాలును. కాని ఆ సలహాకు ఏ సంస్థనుండియైనను కమీషను పుచ్చుకొన్ననాడు, ఉపాధ్యాయుడు అమ్మినది తన విద్యను కాదు, ఆ తండ్రి తనయందుంచిన నమ్మకమును. అది ఆయన సొత్తు కాదు.

నేటి విద్యార్థులలో రేపు వైద్యులు, న్యాయవాదులు, ఇంజనీర్లు, ఉపాధ్యాయులు కాగలవారున్నారు. తగిన ప్రతిఫలము అడుగుటకు వారు సిగ్గుపడనక్కరలేదు. తమ పని క్రింద తమ పేరు వ్రాయుటకును, తమకు తెలియనిదానిని తెలియదని చెప్పుటకును సిగ్గుపడకుండిన చాలును.