రేగడికి సున్నం మందు

ఎండాకాలంలో తుంగతుర్తి వైపు రేగడి చేలల్లోకి వెళ్లి చూడండి. చెయ్యి దూరేంత నెర్రెలు! నాలుగు వానలు పడ్డాయో... అదే నేల ఉబ్బి, కాలు పెడితే దిగబడుతుంది. చెల్కలో కట్టిన ఇల్లు నిబ్బరంగా ఉంటే, రేగడిలో కట్టిన ఇంటి గోడ బీటలిస్తుంది. అన్నిసార్లూ తప్పు మేస్త్రీది కాదు, మట్టిది.

ఎందుకిలా? రేగడిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే ఖనిజం ఎక్కువ. పుస్తకంలో కాగితాల్లా సన్నని పొరలు దానివి. నీళ్లు ఆ పొరల మధ్యకు చేరితే మట్టి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. రోడ్డు పగలడానికీ, పునాది కదలడానికీ ఇది చాలు.

దీనికో పాత మందుంది... సున్నం! ఈ ప్రాంతానికి అది కొత్తదేం కాదు. తుంగతుర్తికి దగ్గర్లోని ఫణిగిరి బౌద్ధ క్షేత్రంలో 2019లో బయటపడిన నిలువెత్తు బోధిసత్త్వుడిది గచ్చు విగ్రహమే.

మట్టిలో సున్నం రెండు పనులు చేస్తుంది. మొదటిది గంటల్లో మొదలవుతుంది. బంకమట్టి రేణువులను అంటుకుని ఉన్న సోడియం లాంటివాటిని తోసేసి కాల్షియం ఆ చోట చేరుతుంది. రేణువులు గుత్తులు కడతాయి. జిగురు తగ్గి మట్టి పొడిపొడిగా మారుతుంది. రెండో పని నిదానం. సున్నం వల్ల పీహెచ్ 12 దాటితే మట్టిలోని సిలికా, అల్యూమినా కరిగి కాల్షియంతో కలుస్తాయి. సిమెంటులో ఉండేలాంటి బంధకం తయారవుతుంది. నెలల తరబడి బలం పెరుగుతూనే ఉంటుంది.

మోతాదు? సాధారణంగా ఎండుమట్టి బరువులో 3 నుంచి 6 శాతం. కచ్చితమైన లెక్క ల్యాబే చెప్పాలి. పైన చల్లి వదిలేస్తే లాభం లేదు. తగినంత తడితో బాగా కలిపి, రోలర్‌తో తొక్కించాలి.

మనవాళ్లెందరో దిగే డాలస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం 1974లో మొదలైంది. అక్కడా రేగడి లాంటి ఉబ్బే నేలే. సున్నంతో మట్టిని గట్టిపరిచాకే పైన కాంక్రీటు పోశారు.

అలాగని సున్నం సర్వరోగ నివారిణి కాదు. బంకలేని ఇసుక నేలలో దానికి పనే లేదు. జిప్సం ఎక్కువున్న మట్టిలో కలిపితే నేల ఇంకా ఉబ్బుతుంది! కాల్చిన సున్నం కళ్లలో పడితే చూపుకే ముప్పు. పైగా ఇది ఎక్కువగా రోడ్లకు, కాలువ గట్లకు, ఇంటి చుట్టూ నేలకు పనికొచ్చే మందు. లోతైన రేగడిలో ఇల్లు కడితే, అడుగున ఉల్లిగడ్డలా ఉబ్బెత్తుగా ఉండే అండర్‌రీమ్డ్ పైల్స్ వేయించడం మేలు.

మీ స్థలం ఎలాంటిది? ల్యాబుల్లో ఓ తేలిక పరీక్ష చేస్తారు. జల్లించిన ఎండుమట్టిని 10 గ్రాముల చొప్పున రెండు కొలజాడీల్లో వేసి, ఒకదాంట్లో నీళ్లు, రెండోదాంట్లో కిరోసిన్ పోసి 24 గంటలు ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. నీళ్లలోది దానికన్నా 50 శాతం పైగా పెరిగితే జాగ్రత్త పడాల్సిందే. జీవితకాలం కూడబెట్టిన సొమ్ము గోడల్లో పోసేముందు, గుప్పెడు మట్టిని పరీక్షకు పంపడం పెద్ద ఖర్చేం కాదు.