ఒడ్డున సంచుల కాపలా

అండమాన్ వెళ్ళొచ్చామని తెలియగానే అందరూ అడిగేది "స్కూబా చేశారా?" అని. ఆ ప్రశ్న మా ఆయన్ని అడుగుతారు. నన్ను మాత్రం "పిల్లలకి తిండి కుదిరిందా?" అని అడుగుతారు.

నాలుగు కుటుంబాలం కలిసి వెళ్ళాం. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఫెర్రీలో హేవ్‌లాక్. 2018లో ఆ దీవికి స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు. స్వరాజ్యం ఎవరికొచ్చిందో మర్నాడు పొద్దున్న ఒడ్డున చూడాల్సింది. నలుగురు మగవాళ్ళూ, పదేళ్ళు దాటిన ఇద్దరు పిల్లలూ రబ్బరు సూట్లు తొడుక్కుంటున్నారు. మేం నలుగురం ఆడవాళ్ళం తువ్వాళ్ళు, ఫోన్లు, చెప్పులు, మిగిలిన పిల్లల్ని పెట్టుకుని చెట్టు కింద ఉన్నాం. మమ్మల్ని ఎవరూ వద్దనలేదండీ. అసలు అడగలేదు, అంతే. హైదరాబాద్‌లో ఉండగానే ఆరుగురికి బుకింగ్ అయిపోయింది.

ఎందుకిలా అంటే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పారు. "మీకు ఈత రాదు కదా" అన్నది మొదటిది. దిగినవాళ్ళలో ఇద్దరికి కూడా రాదు! మొదటిసారి చేసే డైవ్‌కి ఈత రానక్కర్లేదు. ముందు నడుము లోతు నీళ్ళలో నిలబెట్టి నోటితో ఊపిరి తీసుకోవడం, కళ్ళద్దాల్లోకి నీళ్ళొస్తే బయటికి ఊదడం, చేతి సైగలు నేర్పుతారు. లోపల ఇన్‌స్ట్రక్టర్ మనల్ని వదలడు. 12 మీటర్లకి మించి తీసుకెళ్ళరు. ఇక "ఆ బట్టలు మనకి బావుంటాయా" అన్నది మాలోనే ఒకావిడ. ఆ సూటు మెడ దగ్గర మొదలై మోకాళ్ళ దాకానో పాదాల దాకానో ఉంటుంది. పెళ్ళిళ్ళకి మనం వేసుకునే జాకెట్ల కన్నా నయం.

నాకు నిజంగా ఒళ్ళు మండింది మెడికల్ ఫారం దగ్గర. గుండె జబ్బు, ఆస్తమా, బీపీ, మూర్ఛ, చెవి ఆపరేషన్, ఇలా వరసగా అడుగుతారు. దేనికైనా "ఉంది" అంటే డాక్టరు సరే అంటేనే దింపాలి. మా బృందంలో ఒకాయన అన్నిటికీ "లేదు" అని టకటకా టిక్కులు పెట్టేశారు. ఆయన బీపీ మాత్రలు అప్పుడు ఎక్కడున్నాయో తెలుసా? ఒడ్డున కూర్చున్న వాళ్ళావిడ హ్యాండ్‌బ్యాగ్‌లో! ఏ జబ్బూ లేని ఆవిడ బ్యాగ్ పట్టుకుని కూర్చుంటే, మాత్రలు మింగే మనిషి సముద్రంలోకి వెళ్ళాడు. ఆవిడ నెమ్మదిగా "ఏమండీ, రాయండి" అంటే, "ఊరుకో, నలుగురిలో పరువు తీయకు" అన్నారు. ఆయనకేమీ కాలేదు. కానీ ఆ అరగంటా ఆవిడ మొహం చూసింది నేను. ఆయన చూడలేదు.

పిల్లల సంగతంటారా? పదేళ్ళ లోపు వాళ్ళని దింపరు కాబట్టి వాళ్ళ దగ్గర ఎవరో ఒకరు ఉండాలి, నిజమే. కానీ మనిషికొక ఇన్‌స్ట్రక్టర్ కావాలి కాబట్టి అందర్నీ ఒకేసారి ఎలాగూ దింపరు. మొదటి బ్యాచ్ పైకొచ్చాక, రెండో బ్యాచ్ దిగేటప్పుడు, తడి జుట్టుతో ఓ నాన్న పిల్లల పక్కన కూర్చోలేడా? "టైముంటే ఆఖర్న ఆడవాళ్ళు దిగుతారులే" అన్న మాట ఉంది చూశారూ, అది శుద్ధ అబద్ధం. డైవ్ చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకుండా ఉంటే మంచిదంటారు. మర్నాడే విమానం పెట్టుకుని ఆఖర్న అంటే అసలు లేదనేగా!

మాకింకా రెండ్రోజులుంది. మర్నాడు పొద్దున్న సంచి మా ఆయన ఒళ్ళో పెట్టి, మూడేళ్ళ వాడిని పక్కన కూర్చోబెట్టి, నేను వెళ్ళాను. ఆయన వద్దనలేదు, సంచిలో బిస్కెట్లు ఎక్కడున్నాయని మాత్రం అడిగారు. కాస్త లోపలికి వెళ్ళగానే చెవులు పోటెత్తాయి. ముక్కు పట్టుకుని ఊదమని సైగ చేశాడా అబ్బాయి, సర్దుకుంది. తర్వాత నా ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు. పెళ్ళయ్యాక "అమ్మా", "ఏమోయ్" అన్న పిలుపు వినబడకుండా మెలకువగా గడిపిన మొదటి అరగంట అదేనేమో. అక్కడ ఆ నారింజ రంగు, తెల్ల చారల చేపలు ఉంటాయి చూశారా, సినిమాలో నీమో, వాటిలో పెద్దది, పెత్తనం చేసేది ఆడది. గుడ్లకి కాపలా కాసేది మగది. ఈ సంగతి మా వాళ్ళకి చెబితే ఎవరూ నవ్వలేదు.

భయపడేవాళ్ళని తోయమని నేననడం లేదు. మాలో ఒకావిడకి నీళ్ళంటే చిన్నప్పటి నుంచీ వణుకు, ఆవిడ రానంది, సరే. అలాగే దిగిన మగవాళ్ళలో ఒకాయన కేవలం నవ్వుతారని దిగాడు, అదీ తప్పే. భయమో, ఇష్టమో, వాళ్ళ నోటితో వాళ్ళని చెప్పనివ్వాలి. "నాకెందుకండీ, డబ్బు దండగ" అని మనమే అనేసే అలవాటు మాత్రం ఇష్టం కిందికి రాదు. కొరియాలో జెజు దీవిలో అరవై దాటిన అమ్మమ్మలు సిలిండర్ కూడా లేకుండా సముద్రంలోకి దిగి నత్తలు, నాచు ఏరుకొస్తారు. ఆ డబ్బుతో ఇళ్ళు నడిపారు. వాళ్ళ ముందు మన నలభై ఏళ్ళు ఒక వయసా?

వచ్చే ఏడాదికి లక్షద్వీప్ అంటున్నారు మా వాళ్ళు. గ్రూపులో నేనొక పట్టిక పెట్టాను. మొదటి బ్యాచ్ ఎవరు, రెండో బ్యాచ్ ఎవరు, పిల్లల దగ్గర ఎప్పుడు ఎవరు అని. మొదటి రెండు గళ్ళూ గంటలో నిండాయి. మూడో దాంట్లో ఇప్పటికి మా ఆయన పేరొక్కటే ఉంది, అదీ నేను రాసిందే.