లిఫ్టులో బరువు తగ్గుతారా?

ఎనిమిదో అంతస్తులో లిఫ్టు ఎక్కి, కిందికి బటన్‌ నొక్కుతారు. అది కదిలిన మరుక్షణం కడుపులో ఏదో జారినట్టు, కాళ్లు తేలిపోయినట్టు ఉంటుంది. పిల్లలైతే కేరింతలు కొడతారు. పెద్దవాళ్లలో కొందరికి మాత్రం గుండె ఝల్లుమంటుంది, తాడు తెగిందేమోనని. ఆ భయంతోనే మోకాళ్ల నొప్పులున్నా మెట్లెక్కే తాతయ్యలూ బామ్మలూ ఉన్నారు. ఇంతకీ ఆ క్షణంలో ఏం జరుగుతుంది?

భూమి మనిషిని ఎప్పుడూ కిందికి లాగుతూనే ఉంటుంది. ఆ లాగడం ఒంటికి తెలియదు. పాదాల కింది నేల పైకి నెడుతుంది చూడండి, బరువుగా తెలిసేది అదే. బరువు చూసుకునే మిషన్‌ చూపించేదీ ఆ నెట్టే బలాన్నే.

60 కిలోల మనిషి ముల్లు తిరిగే మిషన్‌ని లిఫ్టులో పెట్టుకుని దానిమీద నిల్చున్నారనుకోండి. లిఫ్టు ఆగి ఉన్నప్పుడు ముల్లు 60 దగ్గరే ఉంటుంది. కిందికి బయల్దేరాక దాని వేగం సెకను సెకనుకూ ఒక మీటరు చొప్పున పెరుగుతుంటే ముల్లు 54కి పడిపోతుంది. ఒకే వేగంతో దిగుతున్నంతసేపూ మళ్లీ 60. అదే తీరులో వేగం తగ్గుతూ ఆగేటప్పుడు 66కి చేరుతుంది. పైకెళ్లేటప్పుడు ఇదంతా తిరగబడుతుంది. బయల్దేరేటప్పుడు 66, ఆగేముందు 54. అంటే ముల్లును కదిలించేది లిఫ్టు వేగం కాదు, ఆ వేగంలో వచ్చే మార్పు. ఒంట్లోంచి మాత్రం గ్రాము కొవ్వు కూడా కరగదు!

మరి తాడు నిజంగానే తెగి, ఏ అడ్డూ లేకుండా పడితే? మనిషితోపాటే నేలా పడుతుంది కాబట్టి అది పాదాలను నెట్టలేదు. ముల్లు సున్నాకి వస్తుంది. భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు తేలేది కూడా ఇందుకే. అక్కడ భూమ్యాకర్షణ లేక కాదు, దాదాపు 90 శాతం ఉంటుంది. కేంద్రమూ వాళ్లూ కలిసి భూమి చుట్టూ పడుతూనే ఉంటారు.

పడిపోయే లిఫ్టులో చివరి క్షణాన ఎగిరితే బతకొచ్చని కొందరంటారు. పది అంతస్తుల ఎత్తు, అంటే 30 మీటర్ల నుంచి పడితే కిందికి చేరేసరికి వేగం గంటకు 87 కిలోమీటర్లు. ఎగిరితే తగ్గేది మహా అయితే పది. పైగా ఆ క్షణం ఎప్పుడొస్తుందో లోపలున్నవాళ్లకి తెలిసే దారే లేదు.

అయితే అంతదాకా రానివ్వని ఏర్పాటు ఎప్పుడో వచ్చింది. 1854లో న్యూయార్క్‌లో ఎలీషా ఓటిస్‌ జనమంతా చూస్తుండగా ఎత్తయిన లిఫ్టు పలకమీద నిలబడి, దాని తాడు కోయించారు. పలక కొద్దిగా జారి ఆగిపోయింది. తాడు బిగువు పోగానే స్ప్రింగు విచ్చుకుని పక్క పట్టాల పళ్లలో చిక్కుకోవడమే కిటుకు. ఇప్పటి లిఫ్టులకు ఒకటి కాదు, చాలా ఉక్కుతాళ్లు ఉంటాయి. హద్దు మీరి వేగం పెరిగితే పట్టాలను గట్టిగా పట్టేసే బ్రేకులూ ఉంటాయి.

అసలు జాగ్రత్త పడాల్సింది లిఫ్టు మధ్యలో ఆగినప్పుడు. కంగారుపడి తలుపులు బలవంతంగా తెరిచి దూకబోతే సందులోంచి కిందికి పడిపోవచ్చు, లేదా లిఫ్టు ఉన్నట్టుండి కదలొచ్చు. అలారం నొక్కి, సాయం వచ్చేదాకా లోపలే ఉండటం మేలు. ఫ్యాను ఆగినా గాలాడే సందులు ఉంటాయి.

ఈసారి లిఫ్టు కదలగానే బామ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంటే మనవలు చెప్పాల్సింది ఒక్కటే. తగ్గింది ఓ ఐదారు కిలోలే, అదీ ఒకటి రెండు సెకన్లకే!