పన్ను తీయించుకున్న తర్వాతే అసలు జాగ్రత్త

జ్ఞానదంతం తీయించుకోవటం చాలామంది దృష్టిలో ఒక పూట పని. మత్తు సూది, కాసేపు కుర్చీలో కూర్చోవటం, గాజుగుడ్డ కొరికిపట్టుకుని ఇంటికి రావటం. దాంతో అయిపోయిందనుకుంటాం. కానీ పెద్ద ఇబ్బందులు చాలావరకు బయటపడేది ఆ తర్వాతి వారంలోనే.

పన్ను తీసిన గుంటలో రక్తం గడ్డకట్టి, కింది ఎముకను కప్పి ఉంచుతుంది. పొగతాగినా, స్ట్రాతో పీల్చినా, తొలిరోజే గట్టిగా పుక్కిలించినా ఆ గడ్డ ఊడిపోవచ్చు. అప్పుడు ఎముక బయటపడి చెవి దాకా లాగే నొప్పి, నోటి దుర్వాసన మొదలవుతాయి. ఇదే ‘డ్రై సాకెట్‌’. కింది జ్ఞానదంతాలు తీసినప్పుడు ఎక్కువగా కనిపిస్తుంది.

వాపు రెండు మూడు రోజులు పెరిగినా ఆ తర్వాత తగ్గాలి. నొప్పి కూడా రోజురోజుకూ తగ్గుతూ రావాలి. మూడు నాలుగు రోజులకు మళ్లీ తిరగబెట్టిందంటే అది ఓర్చుకోవాల్సిన నొప్పి కాదు. ‘పన్ను పీకించుకుంటే ఆమాత్రం ఉండదా’ అని సర్దిచెప్పుకుని, మందుల షాపులో యాంటీబయాటిక్‌ అడిగి తెచ్చుకుంటే డ్రై సాకెట్‌ నయం కాదు. డాక్టరు గుంటను శుభ్రం చేసి, లోపల మందు పెడితేనే ఉపశమనం.

మింగలేకపోవటం, వాపు మెడకు పాకటం, ఊపిరి ఆడకపోవటం వంటివి కనిపిస్తే అర్ధరాత్రయినా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. మర్నాటికీ పెదవి, గడ్డం, నాలుక తిమ్మిరిగానే ఉంటే నాడి దెబ్బతిందేమో చూడాలి. చాలామందిలో ఇది వారాల్లో, నెలల్లో సర్దుకుంటుంది. కొద్దిమందిలో శాశ్వతంగా ఉండిపోతుంది.

అందుకే సంతకం పెట్టే ముందే అడగాలి. ఈ పన్ను ఎందుకు తీయాలి? ఎక్స్‌రేలో నాడికి ఎంత దగ్గరగా ఉంది? రాత్రివేళ ఇబ్బందైతే ఎవరికి ఫోన్‌ చేయాలి? మధుమేహం, రక్తం పలచబరిచే మందులు, ఎముకల బలానికి వాడే మందుల సంగతి కూడా చెప్పాలి. వాటిని సొంతంగా మానెయ్యకూడదు. ఏ ఇబ్బందీ పెట్టని జ్ఞానదంతాలను ముందుజాగ్రత్త పేరుతో తీయొద్దని బ్రిటన్‌లోని ‘నైస్‌’ సంస్థ 2000లోనే సూచించింది. అలాగని పుచ్చిపోయిన, పదేపదే చిగురు వాచే పన్నును భయంతో వాయిదా వేయటమూ మంచిది కాదు.

డాక్టర్లకూ ఒక విన్నపం. మత్తులో ఉన్న మనిషికి గబగబా చెప్పే జాగ్రత్తలు ఇల్లు చేరేసరికి గుర్తుండవు. తెలుగులో రాసిన ఒక్క చీటీ వెంట వచ్చినవారి చేతికిస్తే చాలు. ఏ నొప్పిని ఓర్చుకోవాలో, ఏ నొప్పికి తిరిగి రావాలో ఆ ఇంటికి తెలుస్తుంది.