అప్పుడు వద్దన్నారు, ఇప్పుడు కనమంటున్నారు

ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధనను 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఎత్తేసింది. 2025లో తెలంగాణ కూడా పంచాయతీల్లో దాన్ని తీసేసింది. 1994 పంచాయతీరాజ్ చట్టంతో వచ్చిన నిబంధన ఇది. 73వ రాజ్యాంగ సవరణతో దళితులకు, ఆడవాళ్లకు సర్పంచ్ కుర్చీ అందుబాటులోకి వచ్చింది సరిగ్గా అప్పుడే. ఒక చేత్తో రిజర్వేషన్ ఇచ్చి, ఇంకో చేత్తో ఇంట్లో పిల్లల్ని లెక్కపెట్టారు. పసిబిడ్డల మరణాలు ఎక్కువగా ఉండే వాడల్లో ఆ లెక్క ఎవరిని ముందు ఆపుతుందో తెలియనిది కాదు. హర్యానాలోని ఇలాంటి చట్టాన్నే 2003లో సుప్రీంకోర్టు సమర్థించింది.

జనం పెరిగితే నీళ్లు, నేల, అడవి చాలవన్నది అప్పటి వాదన. పర్యావరణం పేరుతో ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. తలలు లెక్కపెట్టడం తేలిక, వాడకం లెక్కపెట్టడమే ఇబ్బంది. సగటు భారతీయుడి వల్ల ఏటా గాలిలో కలిసే కార్బన్ డయాక్సైడ్ సుమారు 2 టన్నులు, అమెరికన్ వల్ల సుమారు 14. మన దగ్గరా ఆ సగటు అందరిదీ కాదు. ఒక్క బిడ్డ, రెండు కార్లు, గదికో ఏసీ ఉంటే అది ‘చిన్న కుటుంబం’. ముగ్గురు పిల్లలతో ఒక్క ఫ్యాను కింద పడుకునే కూలి కుటుంబం మాత్రం భూమికి భారమట! ఊరి చెత్త ఎత్తేదీ, మురుగులో దిగేదీ ఎక్కువగా ఈ రెండో ఇంటివాళ్లే.

ఆ ‘భారం’ దించే పనంతా ఆడవాళ్ల ఒంటి మీదే జరిగింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రాలో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మందికి కు.ని. ఆపరేషన్ అయింది. మగవాళ్ల ఆపరేషన్లు ఒక శాతం కూడా లేవు. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒక్కరోజే 34 మందికి ఆపరేషన్లు చేస్తే నలుగురు చనిపోయారు.

ఇప్పుడు గాలి మారింది. సంతాన రేటు 1.7కి పడిపోయింది, లోక్‌సభ సీట్లు తగ్గుతాయన్న భయం పట్టుకుంది. ఎక్కువమందిని కనమని ముఖ్యమంత్రి చంద్రబాబే చెబుతున్నారు. నిబంధన పోవడం మంచిదే. కానీ అది పోయింది వాడ ఆడబిడ్డకు జరిగిన అన్యాయం గుర్తొచ్చి కాదు. ఎంతమంది కావాలో అప్పుడూ ఆమెను అడగలేదు, ఇప్పుడూ అడగడం లేదు.

ప్రభుత్వ ఉద్యోగినులకు ఎన్నో కాన్పయినా ప్రసూతి సెలవు ఇస్తామని 2025లో ప్రకటించారు. పొలం కూలికి సెలవెక్కడిది? కేంద్రం మాతృ వందన పథకం కింద మొదటి కాన్పుకు 5,000 రూపాయలు, రెండోసారి ఆడపిల్ల పుడితేనే 6,000. మూడో కాన్పుకు అందులో ఏమీ లేదు.